దీపం వెలిగాక ఎంతసేపు?

బ్యాటరీతో నడిచే చిన్న పరికరాన్ని సొంతంగా తయారుచేసుకునేవాళ్లు పనంతా అయ్యాక, పెట్టె మూసే ముందు ఒక ఎర్ర ఎల్ఈడీ కలుపుతారు. బ్యాటరీ దిగిపోతున్నప్పుడు వెలగాలని. ఎన్ని వోల్టుల దగ్గర వెలగాలన్నది ఎక్కడో చూసిన అంకె. ప్రీసెట్ అటూ ఇటూ తిప్పి, వెలిగింది, ఆరింది, చాల్లే అనుకుంటారు. పరికరం మొత్తంలో అతి తక్కువ ఆలోచన ఖర్చయ్యేది ఈ దీపం మీదే. ఈ వరస మారాలన్నది నా వాదన. వోల్టేజి ఎంతుందో తెలుసుకోవాలంటే మీటరు ఉంది, దానికి దీపం అక్కర్లేదు. దీపం ఉన్నది మనిషికి వ్యవధి ఇవ్వడానికి. ఇప్పటి నుంచి ఇంతసేపు ఈ పరికరం సరిగ్గా పనిచేస్తుంది, చేయాల్సింది ఈలోగా చేసుకో అని చెప్పడానికి. ఆ వ్యవధి ఎంతో ముందుగా తేల్చుకోకుండా వోల్టుల అంకె పెట్టేస్తే, దీపం వెలిగినా దాని అర్థం ఎవరికీ తెలియదు. కట్టినవాడికి కూడా తెలియదు.

పాత మోటార్‌సైకిళ్ల పెట్రోల్ ట్యాప్ ఈ సంగతిని ఏ సర్క్యూటూ లేకుండానే చక్కగా తేల్చింది. కార్బ్యురేటర్ ఉన్న ఆ బండ్లలో ట్యాంకు లోపలికి ట్యాప్ నుంచి పెట్రోలు దిగే దారులు రెండు. ఒకటి కాస్త ఎత్తులో తెరుచుకుంటుంది, రెండోది అడుగున. ట్యాప్ మామూలు స్థానంలో ఉంటే పైదారి నుంచే పెట్రోలు దిగుతుంది. మట్టం దానికన్నా కిందికి పోగానే ఇంజను దగ్గి, బండి జర్కులిస్తుంది. నడిపేవాడు వంగి ట్యాప్ రిజర్వ్‌కి తిప్పితే అడుగున మిగిలింది దిగడం మొదలవుతుంది. అందులో ఎన్ని లీటర్లున్నాయని ఎవరూ లెక్కలు వేయరు. రిజర్వ్‌లో పడ్డాక ఎన్ని కిలోమీటర్లు లాగుతుందో రోజూ ఆ బండి నడిపేవాడికి తెలుసు, తర్వాతి బంకు అంతలోపు ఉందా లేదా అన్నదే చూసుకుంటాడు. పైదారి ఎంత ఎత్తులో ఉండాలన్నది పెట్రోలు స్వభావాన్ని బట్టి తేలేది కాదు, బంకు దూరాన్ని బట్టి తేలాలి. బ్యాటరీ దీపానికీ అంతే.

ప్రాణాల మీదికొచ్చే చోట ఇదే పద్ధతి రాతపూర్వకమైన నియమంగా కనిపిస్తుంది. అమెరికా ఇళ్లలో సీలింగుకు బిగించే పొగ అలారాలు అక్కడి తెలుగు కుటుంబాలకు బాగా పరిచయం. బ్యాటరీ తగ్గితే నిమిషానికోసారి కీచుమంటూ, మార్చేదాకా ఊరుకోవు. అక్కడి అగ్నిప్రమాద అలారాల ప్రమాణం ఎన్ఎఫ్‌పీఏ 72 కోరేది ఇది: ఆ కూత మొదలయ్యే సమయానికి బ్యాటరీలో కనీసం 4 నిమిషాలు పూర్తి అలారం మోగించి, ఆపైన కనీసం 7 రోజులు కూస్తూనే ఉండగల శక్తి మిగిలి ఉండాలి. హద్దు నిమిషాల్లో, రోజుల్లో ఉంది. వోల్టుల అంకె తయారీదారు ఆ హద్దు నుంచి వెనక్కి లెక్కగట్టి తెచ్చుకోవలసింది. ఇంట్లోవాళ్లు నాలుగు రోజులు ఊరెళ్లొచ్చినా ఆ కూత వినబడుతుంది, పాత బ్యాటరీతోనే ఆ రాత్రి నిప్పంటుకున్నా అలారం మోగుతుంది. మన పరికరాల్లో ప్రాణాపాయం ఉండకపోవచ్చు. ఆలోచించే క్రమం మాత్రం ఇదే కావాలి.

ఇప్పుడు సర్క్యూట్ సంగతి. 9 వోల్టుల చదరపు బ్యాటరీతో నడిచే పరికరానికి అందరికన్నా సాదాది రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు, ఒక 6.8 వోల్టుల జీనర్ డయోడ్, నాలుగైదు రెసిస్టర్లు, ఒక ఎల్ఈడీ. కోఠి గుజరాతీ గల్లీలోనైనా చెన్నై రిచీ స్ట్రీట్‌లోనైనా చిల్లర డబ్బులకు దొరికే సామాను. జీనర్‌ను బ్యాటరీ ప్లస్ నుంచి తిరగేసి పెట్టి, 10 కిలో ఓముల రెసిస్టర్ మీదుగా మొదటి ట్రాన్సిస్టర్ బేస్‌కు కలుపుతారు. బ్యాటరీ నిండుగా ఉన్నంతకాలం జీనర్ గుండా కాస్త కరెంటు పారుతుంది, మొదటి ట్రాన్సిస్టర్ తెరుచుకుని రెండోదాని బేస్‌ను కిందికి తొక్కిపెడుతుంది, దీపం ఆరి ఉంటుంది. బ్యాటరీ తగ్గేకొద్దీ జీనర్ మూసుకుపోతుంది, మొదటిది పట్టు వదిలేస్తుంది, రెండోది 47 కిలో ఓముల గుండా కరెంటు అందుకుని దీపం వెలిగిస్తుంది. కాగితం మీద దీపం వెలిగే హద్దు 6.8కి బేస్ అడిగే 0.6 కలిపితే 7.4 వోల్టులు. నిజంగా కట్టి చూస్తే అంతకన్నా కాస్త కిందే వెలుగుతుంది, ఎందుకంటే ఇంత తక్కువ కరెంటు దగ్గర జీనర్ తన మీద రాసిన అంకె దాకా రాదు. పైగా మామూలు జీనర్‌కి 5 శాతం తేడా అన్నది అమ్మేవాడు ముందే ఒప్పుకున్న సంగతి. అంటే ఒకే డబ్బాలో తీసిన రెండు జీనర్లు మూడో వంతు వోల్టు పైగా ఎడంగా వెలిగించవచ్చు. లెక్క మీద కన్నా కొలత మీద ఎక్కువ నమ్మకం పెట్టమని ఈ చిన్న సర్క్యూటే చెబుతోంది.

ఇందులో నాకెంతో నచ్చిన గుణం ఒకటుంది. వేడెక్కితే సిలికాన్ ట్రాన్సిస్టర్ బేస్ అడిగే వోల్టేజి డిగ్రీకి సుమారు 2 మిల్లీవోల్టులు తగ్గుతుంది. 6.8 వోల్టుల జీనర్‌ది అందుకు ఎదురు దారి, డిగ్రీకి 3 మిల్లీవోల్టుల దాకా పెరుగుతుంది. రెండూ వరసగా ఉండటంతో ఒకదాని తేడాను ఇంకోటి చాలావరకు మింగేస్తుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో మే నెల తెల్లవారుజాముకీ మధ్యాహ్నానికీ 20 డిగ్రీల తేడా ఉన్నా, దీపం వెలిగే చోటు కదిలేది వోల్టులో యాభయ్యో వంతు మాత్రమే. ఒకే లిథియం సెల్లుతో నడిచే పరికరానికని 3 వోల్టుల లోపు జీనర్ పెడితే ఈ అదృష్టం ఉండదు. అంత తక్కువ వోల్టేజి జీనర్లు వేడికి తామూ తగ్గుతాయి, పైగా వాటి హద్దు పదునుగా ఉండదు, చాలా ముందు నుంచే కొద్దికొద్దిగా కరెంటు వదులుతుంటాయి. అక్కడ టీఎల్వీ431 వంటి 1.24 వోల్టుల రిఫరెన్సో, కంపారేటరో వాడటం మేలు.

పరికరం ఏదైనా అంకె ఒకటే పెట్టుకోవచ్చనుకునేవాళ్లు బ్యాటరీల తీరు ఒకసారి చూడాలి. ఆల్కలైన్ బ్యాటరీ వోల్టేజి మొదటి నుంచి చివరిదాకా ఏటవాలుగా దిగుతూ పోతుంది. 9 వోల్టులదైతే కొత్తలో 9.5 దాకా చూపించి, మెల్లగా 8, 7 అంటూ వచ్చి 6 దగ్గర పనికిరాకుండా పోతుంది. దీనికి 7 దగ్గర దీపం పెడితే, కొద్ది కరెంటే వాడే పరికరానికి గంటల కొద్దీ వ్యవధి దొరుకుతుంది. అదే ఆకారంలో వచ్చే నికెల్ మెటల్ హైడ్రైడ్ బ్యాటరీల్లో 6 సెల్లుల రకం ఉంది, దాని మామూలు వోల్టేజే 7.2. రీచార్జి చేసుకోవచ్చు కదా అని అది వేస్తే, 7.4 దగ్గర పెట్టిన దీపం బ్యాటరీ సగానికి పైగా ఉండగానే వెలిగి కూర్చుంటుంది. రెండుసార్లు అలా అయ్యాక దాన్ని పట్టించుకోవడం ఎవరైనా మానేస్తారు. లిథియం అయాన్ సెల్లు తీరు వేరు. 4.2 నుంచి మొదలై 3.9కీ 3.6కీ మధ్య చాలాసేపు నిలకడగా సాగి, 3.4 దాటాక జారిపోతుంది. అక్కడ 3.2 దగ్గర పెట్టిన దీపం మిగిల్చే వ్యవధి నిమిషాల్లోనే ఉంటుంది. అంకె ఒకటే, దాని వెనక ఉన్న కాలం బ్యాటరీని బట్టి, పరికరం లాగే కరెంటును బట్టి పదింతలు మారిపోతుంది.

మోటార్లున్న పరికరాల్లో చిక్కు ఇంకోటి. ఇంజనీరింగ్ కాలేజీ పిల్లలు కట్టే గీత వెంట నడిచే రోబోలో చక్రాలు కదిలినప్పుడల్లా కరెంటు ఒక్కసారి పెరుగుతుంది. సెల్లు లోపలి నిరోధం వల్ల వోల్టేజి ఆ క్షణానికి పడిపోయి, మోటారు ఆగగానే మళ్లీ పైకి లేస్తుంది. దీపం వెలిగి ఆరి, వెలిగి ఆరి, చూసేవాడికి ఏమీ అర్థం కాదు. వెలగడానికి ఒక హద్దు, ఆరడానికి అంతకన్నా పైన ఇంకో హద్దు పెట్టడం దీనికి మందు. ఈ రెండు హద్దుల సర్క్యూట్‌ను 1930లలో ఒట్టో ష్మిట్ స్క్విడ్ అనే సముద్రజీవి నరాల్లో సంకేతాలు ఎలా పారుతాయో చదువుతూ కనిపెట్టాడు. నరం కూడా ఒక హద్దు దాటేదాకా మిన్నకుంటుంది, దాటితే పూర్తిగా స్పందిస్తుంది. కంపారేటర్‌కు ఒక్క రెసిస్టర్ వెనక్కి తిప్పి కలిపితే ఆ గుణం వస్తుంది. మోటార్లున్న చోట నేనైతే ఇంకో అడుగు ముందుకే వేయమంటాను. స్టార్టింగ్ కుదుపుకు వెలగకుండా ఒక సెకను ఆలస్యం పెట్టి, ఆపైన ఒకసారి వెలిగిన దీపం స్విచ్చి ఆపేదాకా ఆరకుండా చేయాలి. ఖాళీగా నిలబడ్డ రోబో బ్యాటరీ ఎంత చూపిస్తోందన్నది మనకు పనికొచ్చే సంగతి కాదు, బరువు లాగుతున్నప్పుడు తట్టుకుందా లేదా అన్నదే కావాలి.

డ్రోన్‌లు, రిమోట్ విమానాలు ఎగరేసేవాళ్లకు ఈ వ్యవధి లెక్క చేత్తో ముట్టుకున్నంత స్పష్టంగా తెలుసు. వాళ్ల బ్యాటరీలో మూడు లిథియం పాలిమర్ సెల్లులు వరసగా ఉంటే నిండుగా 12.6 వోల్టులు. మొత్తం 10.5 చూపిస్తే సెల్లుకు 3.5, ఇంకా పరవాలేదనిపిస్తుంది. కానీ రెండు సెల్లులు 3.7 దగ్గరుండి మూడోది 3.1కి పడిపోయినా మొత్తం అంతే వస్తుంది, ఆ మూడోది దెబ్బతింటోందని ఆ అంకె చెప్పదు. అందుకే వాళ్లు బ్యాలెన్స్ కనెక్టర్‌కు గుచ్చే చిన్న అలారంతో ఒక్కో సెల్లునూ విడిగా చూస్తారు. దూరం పోయే విమానానికి హద్దు ఎక్కువ పెడతారు, చుట్టుపక్కలే తిరిగేదానికి తక్కువ. తిరిగొచ్చి దిగడానికి ఎంతసేపు పడుతుందో అదే వాళ్ల కొలమానం.

హెచ్చరిక చేసే సర్క్యూట్ తాను తినే కరెంటు కూడా వ్యవధిలో భాగమే. చాలామంది టీఎల్431 అనే మూడు కాళ్ల రిఫరెన్సుకు ఎల్ఈడీని పక్కన పెట్టి, రెండింటికీ పైనుంచి 1 కిలో ఓము రెసిస్టర్ ఇస్తారు. చూడ్డానికి ఇంతకన్నా చిన్న సర్క్యూట్ లేదు. బ్యాటరీ బాగున్నంతసేపూ కరెంటంతా టీఎల్431 తాగేస్తుంది కాబట్టి దీపం ఆరి ఉంటుంది. ఎర్ర ఎల్ఈడీ అయితే పూర్తిగా ఆరదు కూడా, మసగ్గా వెలుగుతూనే ఉంటుంది, ఎందుకంటే ఆ చిప్ తన మీద దాదాపు 2 వోల్టులు మిగుల్చుకుంటుంది, ఎర్ర ఎల్ఈడీకి 1.8 చాలు. వరసలో ఇంకో డయోడ్ వేసి ఆ మసకను పోగొట్టవచ్చు. పోనిది 7 మిల్లీఆంపియర్ల నష్టం. సుమారు 500 మిల్లీఆంపియర్ అవర్ల 9 వోల్టుల బ్యాటరీ, ఇంకేమీ లేకుండా ఈ కాపలాకే మూడు రోజుల్లో అయిపోతుంది. గిటార్ వాయించేవాళ్లు కట్టుకునే పెడల్స్‌లో కొన్ని మొత్తంగా వాడేదే అంతకన్నా తక్కువ. పైన చెప్పిన రెండు ట్రాన్సిస్టర్ల సర్క్యూట్ తీసుకునేది మిల్లీఆంపియర్‌లో మూడో వంతు. దీపం వెలిగాక కూడా నిలకడగా కాకుండా సెకనుకోసారి కళ్లార్పేలోపే మెరిసి ఆరితే, ఖర్చు ఇరవయ్యో వంతుకు దిగుతుంది, కంటికి ఇంకా బాగా ఆనుతుంది. ఎరుపు, ఆకుపచ్చ తేడా పట్టనివాళ్లకూ మెరుపు తెలుస్తుంది, అందుకే రెండు రంగుల ఎల్ఈడీ కన్నా ఇదే మంచిదంటాను.

ఆరి ఉన్న దీపానికి రెండర్థాలున్నాయి. బ్యాటరీ బాగుంది, లేదా బ్యాటరీ పూర్తిగా పోయి దీపం వెలిగించే ఓపిక కూడా లేదు. రాస్ప్‌బెర్రీ పై బోర్డుల్లో కొన్నింటి మీది ఎర్ర దీపం దీన్ని తిరగేసి పరిష్కరించింది. సరఫరా బాగున్నంతసేపు వెలుగుతుంది, 4.63 వోల్టుల కిందికి పడితే ఆరిపోతుంది. గోడ సాకెట్ నుంచి నడిచేదానికి అది సబబు. బ్యాటరీ పరికరానికి ఎప్పుడూ వెలిగే దీపం అంటే ఎప్పుడూ ఖర్చు. కారు తాళం తిప్పగానే డ్యాష్‌బోర్డు మీది దీపాలన్నీ ఒకసారి వెలిగి ఆరతాయి, పనిచేస్తున్నామని చూపించడానికే. మన పరికరంలోనూ స్విచ్చి వేయగానే దీపం అరసెకను మెరిసేలా ఒక కెపాసిటర్ కలిపితే చాలు, ఆపైన అది ఆరి ఉండటాన్ని నమ్మవచ్చు.

వ్యవధిని ఎక్కడిదాకా లెక్కపెట్టాలి? పరికరం ఆగిపోయేదాకా అని చాలామంది అనుకుంటారు. మన బెంచి మీద ఉండే చవక డిజిటల్ మల్టీమీటర్‌ను చూస్తే ఆ లెక్క తప్పని తెలుస్తుంది. ఐసీఎల్7106 తరహా చిప్ ఉన్న మీటర్లలో కొలతకు ఆధారమైన రిఫరెన్సు లోపలి 9 వోల్టుల బ్యాటరీ నుంచే వస్తుంది. ఆ బ్యాటరీ ఒక హద్దు దాటి దిగాక రిఫరెన్సు కూడా దిగుతుంది, అప్పుడు తెర మీది అంకె అసలు కన్నా ఎక్కువ చూపిస్తుంది. మీటర్ ఆగిపోదు, తెర చెక్కుచెదరదు, అబద్ధం చెబుతూ పనిచేస్తుంది. ఆ మీటర్‌తో ఇంకో పరికరపు ప్రీసెట్ తిప్పి హద్దు పెడితే అదీ తప్పే అవుతుంది. కాబట్టి వ్యవధి ముగిసేది పరికరం చచ్చినప్పుడు కాదు, దాని మాట చెడినప్పుడు. సెన్సర్లు, కొలిచే సాధనాలు, మెమరీ కార్డు మీద రాసేవి కట్టేవాళ్లు దీన్ని మరీ గుర్తుంచుకోవాలి.

ఇంత తంటాలు ఎందుకు, ఫోన్‌లో లాగా శాతం చూపిస్తే సరిపోదా అని అడగవచ్చు. ఫోన్‌లో ఆ శాతం వెనక బ్యాటరీలోకి వెళ్లిన, వచ్చిన కరెంటును పూటపూటా లెక్కగట్టే చిప్ ఉంటుంది. వోల్టేజి మాత్రమే చూసి శాతం రాస్తే, లిథియం సెల్లు మధ్యభాగపు నిలకడలో ఆ అంకె ఊహకన్నా పెద్ద తేడా లేనిది. నిజమైన శాతమే దొరికినా, 18 అంటే ఏం చేయాలో మళ్లీ మనమే తేల్చుకోవాలి. ఇంకో అభ్యంతరం దీనికన్నా గట్టిది: లిథియం సెల్లుకు రక్షణ బోర్డు ఉంటుంది, హద్దు దాటితే అదే తెగిపోతుంది, దీపం దేనికి? ఆ బోర్డు ఉండి తీరాలి. సెల్లు మరీ దిగజారితే లోపలి రాగి పొర కరిగి, మళ్లీ చార్జి చేసినప్పుడు లోపలే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. కానీ డీడబ్ల్యూ01 వంటి చిప్ కట్ చేసేది 2.4 వోల్టుల దగ్గర, ఏ మాటా లేకుండా. అది సెల్లును కాపాడుతుంది, సగంలో ఉన్న మన పనిని కాపాడదు. దీపం ఆ రెండో దానికోసం. రెడీమేడ్ మాడ్యూల్ కొనుక్కుంటే తప్పేమీ లేదు, నేనూ అదే కొనమంటాను, దాని హద్దు మార్చుకునే వీలుంటే. మన పరికరం ఎంత కరెంటు లాగుతుందో, మన పనికి ఎంత వ్యవధి కావాలో తయారుచేసినవాడికి తెలిసే దారి లేదు.

అందుకని కట్టేవాళ్లను ఒక్కటే కోరతాను. సర్క్యూట్ పూర్తయ్యాక పెట్టె మూసేయకండి. వాడి సగం దిగిన బ్యాటరీ వేసి, పరికరాన్ని దాని మామూలు పనిలోనే నడపండి. దీపం వెలిగిన నిమిషం గడియారంలో చూసి రాసుకోండి, పరికరం మొదటిసారి తప్పు చేసిన నిమిషమూ రాసుకోండి. మధ్య కాలం మీ పనికి చాలకపోతే ప్రీసెట్ కాస్త పైకి తిప్పండి, మరీ ఎక్కువైతే కిందికి, మళ్లీ నడపండి. ఒక సాయంత్రం పడుతుంది. తేలిన అంకెను, ఏ రకం బ్యాటరీతో చూశారో కూడా కలిపి, దీపం పక్కన చిన్న చీటీ మీద రాసి అతికించండి: ఆల్కలైన్, వెలిగాక 40 నిమిషాలు. మీ తర్వాత ఆ పెట్టె ఎవరి చేతికి వెళ్లినా దీపం ఏం చెబుతోందో వాళ్లు చదువుకోగలుగుతారు.